మతి కుదుర్చు మందు – మాట వినని మేను

మతి చెదరినవానిని చూచినప్పుడు లోకము తొలుత భయపడును, తరువాత జాలిపడును, తుదకు అలవాటుపడి మఱచిపోవును. అతడు వైద్యము పొంది, కుదుటపడి, ఇంటిపట్టున నుండి తన పని తాను చేసికొనుచున్న కాలమున లోకము దృష్టి మఱల అతనిపై పడుట కలదు. ఈసారి కారణము అతని మాట కాదు, చేష్ట. నోట ఏమియు లేకున్నను నమలుచున్నట్లు దవడలు ఆడుచుండును. నాలుక ఉండియుండి పెదవులు దాటి వచ్చి లోనికి పోవును. వ్రేళ్లు వీణ మీటుచున్నట్లు కదలుచుండును. చూచువారు తలకొక విధముగా చెప్పుకొందురు. రోగము తిరుగబెట్టినదని ఒకరు, గాలి సోకినదని ఒకరు, వయస్సు మీఱుటచే వచ్చిన వణుకని మఱియొకరు. వీరిలో ఎవ్వరును తలపని నాలుగవ కారణమొకటి కలదు. ఆ చలనములను తెచ్చినది రోగము కాకపోవచ్చును. రోగము నణచుటకై ఏండ్ల తరబడి మ్రింగిన మందు కావచ్చును.

ఇట్టి సంగతులను పదిమందిలో ముచ్చటించుట మంచిదా యని సంశయించువారు కలరు. మందునందలి దోషము చెప్పినచో విన్నవాడు మందే మానివేయునేమో యని వారి భయము. ఆ భయము నిరాధారము కాదు. మానసిక వ్యాధులలో తీవ్రమైనదగు స్కిజోఫ్రీనియాను గూర్చిన అనేక పరిశోధనలను క్రోడీకరించి 2012లో ప్రకటించిన సమీక్షను బట్టి, మందు కొనసాగించినవారిలో ఏడాది తిరుగునప్పటికి నూటికి 27 మందికి రోగము తిరుగబెట్టగా, మందు మాన్పించిన వారిలో నూటికి 64 మందికి తిరుగబెట్టినది. కావున మందు విలువను తగ్గించుట ఈ ప్రసంగము ఉద్దేశము కాదు. అయితే దోషమును దాచుటచే నమ్మకము నిలువదు. ఎవ్వరును చెప్పని కీడు ఎదురైన దినమున రోగికి మందుపైనను, వైద్యునిపైనను, తుదకు తనపైనను విశ్వాసము సడలును. ముందుగా తెలిసిన కీడును చాలవఱకు తప్పించుకొనవచ్చును. తొలిదశలో గుర్తించినచో సరిదిద్దుకొనవచ్చును. అందులకే ఈ విషయము నాలుగు మాటలలో వివరింపవలసియున్నది.

మొదట మన మేను మన మాట ఎట్లు వినుచున్నదో చూతము. చేయి చాచి నీళ్లచెంబు అందుకొనుట మనకు మిక్కిలి తేలికగా తోచును. చేయి కదలవలెనను ఆజ్ఞ మెదడు పైపొరనుండి బయలుదేరును. కాని చేయి కదలిన మాత్రమున చాలదు. కదలనక్కరలేని కండరములన్నియు ఊరకుండవలెను. ఏది కదలవలెనో, ఏది ఆగవలెనో సవరించు కేంద్రములు మెదడు లోతున రెండు ప్రక్కలను కలవు. అందు ఒక త్రోవ చలనమును ప్రోత్సహించును. మఱియొక త్రోవ అక్కరలేని చలనమును అణచును. బండి తోలువాని చేత ముల్లుకఱ్ఱయు పగ్గమును ఉన్నట్లే ఇవి రెండును ఉండును. ఈ రెంటిని సమతూకమున నిలుపు వస్తువులలో ముఖ్యమైనది డోపమీను అను రసాయనము. అది ఒక నాడీకణమునుండి వెలువడి, ప్రక్క కణముపై తనకొఱకు ఏర్పడియున్న గ్రాహకములను తాకి వార్త నందించును. డోపమీను తక్కువైనచో పగ్గము బిగిసి మేను కొయ్యబాఱును. దాని ప్రభావము మితిమీఱినచో పగ్గము సడలి అవయవములు తమంత తామే ఆడజొచ్చును.

ఈ డోపమీను పని చలనముతోనే తీరలేదు. మెదడునందే వేఱొక త్రోవలో నిది మనము కన్నదానికి, విన్నదానికి ప్రాముఖ్యము కల్పించును. ఉన్మాదము పుట్టినప్పుడు ఆ త్రోవయందు దీని ఉద్రేకము హెచ్చగునని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. అప్పుడు ఏమాత్రము అర్థములేని విషయములు సైతము రోగికి మహార్థముతో నిండినట్లు తోచును. వీథిలో పోవువాడు దగ్గిన అది తనకు సైగ. రేడియోలో వార్తలు చదువు వ్యక్తి తన్ను గూర్చియే పలుకుచున్నాడు. ఉన్మాదనివారక ఔషధములు ఈ ఉద్రేకమును తగ్గించునవి. డోపమీను తాకవలసిన గ్రాహకములను ఇవి ముందుగా పోయి ఆక్రమించును. కాని కడుపులోనికి పోయిన మాత్రకు వీథులు తెలియవు. భ్రమలు పుట్టు త్రోవను మూసినట్లే చలనమును నడపు త్రోవను కూడ అది మూయును. చిక్కంతయు ఇక్కడనే కలదు.

సజీవమగు మెదడును చిత్రించు నూతన యంత్రములతో శాస్త్రజ్ఞులు ఈ మూతను కొలిచిరి. చాలమందులకు ఇంచుమించు నూటికి 65 గ్రాహకములు మూతపడినప్పుడు గుణము కనబడును. అది 80కి చేరువైనచో కండరముల బిగింపు, వణుకు బయలుదేరును. గుణమునకు దోషమునకు నడుమనున్న గట్టు ఇంత ఇఱుకైనది. రెండు మాత్రలు మేలుచేసినవి కదా, నాలుగు మ్రింగిన ఇంకను మేలుకదా యను లెక్క ఇచ్చట చెల్లదనుటకు ఇదియే కారణము.

ఈ మందుల చరిత్రయందు మన దేశమునకు గౌరవస్థానము కలదు. సర్పగంధి యను మూలికను మన వైద్యులు ఉన్మాదమునకును, నిద్రలేమికిని చిరకాలముగా వాడుచుండిరి. బీహారు, వంగ ప్రాంతములలో దీనికి పిచ్చిమందు అను అర్థము వచ్చు పేరే కలదు. 1931లో గణనాథ సేన్, కార్తిక చంద్ర బోస్ అను వైద్యులు దీనిని గూర్చి ఆధునిక వైద్యపత్రికలో వ్రాసిరి. 1952లో స్విట్జర్లాండునందలి సీబా సంస్థవారు దీని వేరునుండి రిసర్పీను అను సారమును వేఱుచేసిరి. 1954లో అమెరికాలో నేథన్ క్లైన్ ఉన్మాదరోగులపై దాని గుణమును వెల్లడించెను.

అదే కాలమున ఫ్రాన్సులో వేఱొక మందు పుట్టెను. 1950 డిసెంబరులో పాల్ షార్పాంటియే అను రసాయన శాస్త్రజ్ఞుడు క్లోర్‌ప్రొమజీను తయారుచేసెను. శస్త్రచికిత్సకు ముందు రోగిని నెమ్మదిపఱచుటకై హెన్రీ లాబొరీ దానిని వాడి చూచెను. 1952లో పారిసు నగరపు సెంత్ ఆన్ ఆసుపత్రిలో జాన్ దిలే, పియర్ దెనికేర్ అను వైద్యులు ఉన్మాదరోగులకు ఇచ్చిరి. వార్డులలో కేకలు ఆగెను. ఏండ్ల తరబడి ఆసుపత్రి గోడలలో మగ్గినవారు ఇండ్లకు పోయిరి. వైద్యచరిత్రలో ఇట్టి మార్పులు మిక్కిలి అరుదు.

అయితే వెలుగుతోపాటు నీడయు వెంటనే వచ్చినది. ఈ రెండు మందులు వేఱువేఱు దేశముల వస్తువులయ్యును ఒకే విచిత్రమును చూపెను. మతి కుదిరిన రోగులలో పెక్కురు పార్కిన్సన్ వ్యాధి వచ్చిన వృద్ధులవలె నడువజొచ్చిరి. ముఖమున భావము లేదు, చేతులు ఊగవు, అడుగులు చిన్నవి. ఆనాటి వైద్యులలో కొందఱు ఇది దోషము కాదనియు, మందు పనిచేయుచున్నదనుటకు గుర్తు అనియు తలచిరి. జర్మనీలో హాజే అను వైద్యుడు రోగిచేత ప్రతిదినము వ్రాయించి, చేవ్రాత ఇంచుక చిన్నదై బిగుసుకొన్న మోతాదే చాలిన మోతాదని చెప్పెను. ఆ మాటలోని వివేకము ఆ గీటు దాటవద్దనుట. కాని లోకమున చాలచోట్ల ఆ గీటు దాటియే మందు లిచ్చిరి.

ఈ విచిత్రమునకు కారణము కనిపెట్టినది స్వీడనునందలి ఆర్విడ్ కార్ల్‌సన్. 1957లో అతడు కుందేళ్లకు రిసర్పీను ఇచ్చెను. అవి చెవులు వ్రేలవైచి, కదలక మెదలక కూర్చుండెను. పిదప ఎల్-డోపా అను పదార్థమును సూదిద్వారా ఎక్కింపగా కొలదిసేపటిలో లేచి తిరుగాడెను. ఎల్-డోపా శరీరమున డోపమీనుగా మాఱును. చలనమునకు డోపమీనే ఆధారమని దీనిచే తేలినది. 1960లో వియన్నా నగరమున హోర్నికీవిజ్ అను శాస్త్రజ్ఞుడు పార్కిన్సన్ రోగుల మెదడులో డోపమీను తఱిగియుండుటను చూపెను. కార్ల్‌సన్‌కు 2000వ సంవత్సరమున నోబెల్ బహుమానము లభించినది. మన పొలముగట్లపై ప్రాకు దూలగొండి గింజలలో ఈ ఎల్-డోపాయే కలదు. బలమునకు మంచిదని ఆ గింజల చూర్ణమును తినుట కొందఱకు అలవాటు. ఉన్మాదమునకు చికిత్స పొందువారు మాత్రము దాని జోలికి పోరాదు. మందు అణచినదానినే అది రేపవచ్చును.

ఇక మందులవలన కలుగు వికారచలనములు నాలుగు విధములు. ఏది ఎప్పుడు వచ్చునో తెలిసిన గుర్తించుట సులభము. ఒకటి గంటలలో లేక దినములలో వచ్చును, రెండవది దినములలో లేక వారములలో, మూడవది వారములలో, నాలుగవది నెలలకు, ఏండ్లకు.

మొదటిది డిస్టోనియా. మందు ఆరంభించిన నాలుగైదు దినములలోనే, ముఖ్యముగా యౌవనమున నున్న పురుషులకు, ఇది వచ్చును. మెడ ఒకవైపునకు తిరిగి బిగిసిపోవును. దవడ పట్టివేయును. నాలుక లావెక్కినట్లై మాట రాదు. కనుగ్రుడ్లు పైకి తిరిగి అట్లే నిలిచిపోవును. స్పృహ మాత్రము చక్కగా నుండును. చూచువారు మూర్ఛ యనియు, ధనుర్వాతమనియు, పూనకమనియు భ్రమింతురు. హాలోపెరిడాల్ వంటి తీవ్రమైన మందు ఇంజెక్షను రూపమున ఇచ్చినప్పుడు దీనికి అవకాశ మెక్కువ. చూచుట కెంత భయంకరమో కుదుర్చుట అంత సులభము. ప్రొమెథజీను వంటి విఱుగుడు ఇంజెక్షను ఇచ్చినచో సాధారణముగా అరగంటలోపల బిగింపు విడును. అయితే గొంతు కండరములు బిగిసినచో ఊపిరికి ముప్పు కావున ఆసుపత్రికి పోవుటలో ఆలస్యము చేయరాదు.

రెండవది అకథీసియా. కూర్చుండలేమి యని గ్రీకుభాషలో దీని అర్థము. ఈ పేరు మందులకంటె ముందుదే. 1901లో ప్రాహా నగరపు వైద్యుడు హష్కొవెట్స్ దీనిని పెట్టెను. రోగి కాళ్లలో చెప్పనలవికాని తహతహ పుట్టును. కూర్చుండిన లేవవలెననిపించును, నిలిచిన ఒకకాలినుండి మఱియొక కాలిపైకి బరువు మార్చుచుండును, రాత్రి వరండాలో అటునిటు తిరుగును. ఇది బయటికి కనబడునది కొంత, లోపల అనుభవించునది కొండంత. అన్నిటికంటె అపార్థమునకు గుఱియగునది ఇదియే. రోగము ఉద్రేకించినదని బంధువులు తలతురు. ఆ మాట విని వైద్యుడు మోతాదు పెంచినచో తహతహ ఇనుమడించును. అగ్నిపై నేయి పోసినట్లగును. ఆ బాధ భరింపలేక ప్రాణమునకు తెగించినవారు కూడ కలరు. కావున, ‘నీకు భయముచే నిలుకడ లేదా, కాళ్లు నిలువనీయుటలేదా?’ అని రోగినే అడుగవలెను. చాలమంది తేడా చెప్పగలరు. మోతాదు తగ్గించుట, మందు మార్చుట, ప్రొప్రనొలాల్ వంటి మాత్ర చేర్చుట దీనికి ఉపాయములు. ఉబ్బసము గలవారికి ఈ ప్రొప్రనొలాల్ పనికిరాదు.

మూడవది పార్కిన్సన్ వ్యాధిని పోలినది. కొన్ని వారములలో మెల్లగా వచ్చును, పెద్దవయస్సువారికి ఎక్కువ. ముఖము ముసుగు వేసినట్లుండును. చొంగ కారును. చొక్కా గుండీలు పెట్టుకొనుటకు పది నిమిషములు పట్టును. సంతకము చిన్నదై బ్యాంకువారు ఒప్పుకొనరు. ఇంటివారు దీనిని సోమరితనమందురు, కొందఱు దిగులందురు. మోతాదు తగ్గించుటయో, వేఱు మందునకు మార్చుటయో మొదటి చికిత్స. ట్రైహెక్సిఫెనిడిల్ అను మాత్ర బిగింపును తగ్గించును. కాని దానిచే నోరు ఎండును, మలబద్ధము కలుగును, వృద్ధులకు మఱపు వచ్చును. అందఱకును ముందుజాగ్రత్తకై ఈ మాత్రను అలవాటుగా వ్రాయవద్దని ప్రపంచ ఆరోగ్యసంస్థ 1990లోనే చెప్పినది. అయినను మన దేశమున ఒకసారి చీటీకి ఎక్కిన మాత్ర ఏండ్లు గడచినను దిగకుండుట సామాన్యమే. ప్రతిసారియు, ‘ఈ మాత్ర ఇంకను కావలెనా?’ అని అడుగుట తప్పు కాదు.

నాలుగవది ఈ ప్రసంగారంభమున చెప్పినది. దీని పేరు టార్డివ్ డిస్కినీసియా. ఆలస్యముగా వచ్చు వికృతచలనమని అర్థము. 1957లో జర్మనీనుండి తొలి వార్త వచ్చెను. 1964లో డెన్మార్కు వైద్యులు ఈ పేరు పెట్టిరి. సామాన్యముగా మూడు నెలలైనను మందు వాడినగాని రాదు. 60 ఏండ్లు దాటినవారికి ఒక నెలకే రావచ్చును. నోరు, నాలుక, దవడలు ముందుగా ఆడును. పిదప వ్రేళ్లు, పాదములు, నడుము. నిద్రలో ఇవి ఆగును. మనస్సు కలతపడినప్పుడు హెచ్చును. విచిత్రమేమన, చాలమంది రోగులకు తమ నోరు కదలుచున్నదని తెలియదు. ఎదుటివారి చూపువలన తెలియును.

మొదటి మూడింటికిని దీనికిని ముఖ్యమైన భేదమొకటి కలదు. అవి మందు తగ్గించిన తగ్గును. ఇది మందు తగ్గించినప్పుడు ముందు హెచ్చుట కలదు. ఏలనో వినుడు. రేడియో పెట్టెలో కేంద్రము ధ్వని సన్నగిల్లినదనుకొందుము. వినదలచినవాడు మీట త్రిప్పి ధ్వనిని హెచ్చించును. ఇంకను సన్నగిల్లిన ఇంకను త్రిప్పును. అంతలో కేంద్రము మామూలు బలముతో పలికినచో పెట్టె గదియెల్ల దద్దరిల్లునట్లు అఱచును. మందుచే ఏండ్ల తరబడి డోపమీను వార్త అందని కణములును ఇట్లే చేయును. గ్రాహకములను పెంచుకొని, ఉన్నవాని చుఱుకుదనమును హెచ్చించుకొని, అల్పమైన వార్తకు కూడ అతిగా స్పందించును. మందు తగ్గగానే అణగియున్నది బయటపడును. మందు మోతాదు పెంచినచో తాత్కాలికముగా చలనము అణగినట్లు కనబడుటకు కారణము గూడ నిదియే. కాని అది అప్పు తీర్చుటకై మఱియొక అప్పు చేయుటవంటిది. ఈ వివరణముతో అన్నియు తీఱలేదు. ఇతర కారణములను కూడ శాస్త్రజ్ఞులు వెదకుచున్నారు. అయినను సామాన్యులు గ్రహించుట కిది చాలును.

ఇచ్చట న్యాయముగా మఱియొక మాట చెప్పవలెను. ప్రతి వికారచలనమునకు మందే కారణమనరాదు. మందులు పుట్టకముందే ఉన్మాదరోగుల వింతచేష్టలను వైద్యులు వర్ణించియుండిరి. తమిళనాట, ఎన్నడును మందు ముట్టని రోగులను పరీక్షించి 1996లో ప్రకటించిన పరిశోధనలో కొందఱకు ఇట్టి చలనములు కనబడినవి. పళ్లూడిన వృద్ధుల దవడలును ఊరక ఆడుచుండును. మందు ఈ అవకాశమును బాగుగా పెంచుననుట నిజము. అదియొక్కటియే మూలమనుట నిజము కాదు.

ఎంతమందికి వచ్చును? 2017లో ప్రకటితమైన ఒక పెద్ద సమీక్షను బట్టి, క్లోర్‌ప్రొమజీను, హాలోపెరిడాల్ వంటి పాతతరపు మందులు వాడువారిలో నూటికి ఇంచుమించు 30 మందికిని, కొత్తతరపు మందులు వాడువారిలో 21 మందికిని ఈ లక్షణములు కలవు. ఈ రెండవ గుంపువారిలో చాలమంది మునుపు పాతమందులు వాడినవారే. పాతవి ఎన్నడును ముట్టనివారిలో 7 మందికి మాత్రమే కనబడినది. కావున కొత్తమందులు మేలైనవి, నిర్దోషములు కావు. వానికి బరువు పెఱుగుట, మధుమేహము వంటి వేఱు చిక్కులును కలవు. వృద్ధులు, స్త్రీలు, మధుమేహము గలవారు, చికిత్సారంభముననే బిగింపు, వణుకు వచ్చినవారు ఎక్కువ జాగరూకతతో నుండవలెను.

గుర్తించుటకు యంత్రములు అక్కరలేదు. 1976లో అమెరికాలో వెలువడిన పరీక్షాక్రమ మొకటి ప్రపంచమంతట వాడుకలో నున్నది. దానికి పది నిమిషములు చాలును. ముందుగా నోట ఏమైన నున్నదేమో చూతురు. మన దేశమున తాంబూలము, వక్కపలుకు ఉమిసి రమ్మనవలసి యుండును. కట్టుడు పళ్లు సరిగా నున్నవో లేవో అడుగుదురు. చెప్పులు విడిపించి, గట్టి కుర్చీపై కూర్చుండబెట్టి, చేతులు మోకాళ్లనడుమ వ్రేలాడనిత్తురు. నోరు తెఱిపించి నాలుక చూతురు. పిదప బొటనవ్రేలితో తక్కిన వ్రేళ్లను వరుసగా వేగముగా తాకుమందురు. మనస్సు వ్రేళ్లపై నున్నప్పుడు ముఖమును, కాళ్లను పరికింతురు. అణగియున్న చలనము అప్పుడు బయటపడును. తుదకు చేతులు చాపించి, నడిపించి చూతురు. మందు ఆరంభించుటకు ముందొకసారి ఈ పరీక్ష చేసి వ్రాసియుంచి, తరువాత కొన్ని నెలలకొకసారి చేసిన, తొలి కదలిక తప్పక పట్టుబడును. ఇంటివారు సెల్‌ఫోనులో చిన్న చిత్రము తీసి వైద్యునికి చూపినను ఎంతో ఉపకారము.

కనబడినచో ఏమి చేయవలెను? మొదట చేయరానిది చెప్పవలెను. మందును ఒక్కసారిగా తమంత తాము మానరాదు. అట్లు చేసినచో చలనము హెచ్చుటయే గాక, అణగిన ఉన్మాదము రెట్టింపు బలముతో లేచును. నెలకొకసారి ఇంజెక్షను తీసికొనువారికి మందు దేహమున చాలకాలము నిలుచును గనుక మార్పు వెంటనే కనబడదు, ఓర్పు కావలెను. వైద్యుడు అవసరమునకు మించిన మోతాదును మెల్లగా తగ్గించును. లేక క్లోజపీను వంటి, చలనముపై స్వల్ప ప్రభావము గల మందునకు మార్చును. క్లోజపీను తెల్లరక్తకణములను తగ్గింపవచ్చును. 1975లో ఫిన్లాండున దానిచే మరణములు కలిగి కొంతకాలము మూలబడినది. 1988లో అమెరికా పరిశోధకులు దాని గుణమును నిరూపించిన పిదప, రక్తపరీక్షల కట్టుదిట్టముతో మఱల వాడుకలోనికి వచ్చినది. మూడవ విధమునకు వాడు ట్రైహెక్సిఫెనిడిల్ ఈ నాలుగవదానిని హెచ్చించుట కలదు. ఒకదాని విఱుగుడు ఇంకొకదానికి విషమగుట యనిన నిదియే.

ఈ చలనమునకే ప్రత్యేకించిన మందులు చాలకాలమువఱకు లేవు. 2017లో అమెరికా ప్రభుత్వము వాల్బెనజీను, డ్యూటెట్రబెనజీను అను రెంటిని అంగీకరించినది. ఇవి అంతకుమునుపే యున్న టెట్రబెనజీను వంశమునకు చేరినవి. నాడీకణములో డోపమీనును చిన్నచిన్న సంచులలోనికి చేర్చు యంత్రమొకటి కలదు. ఈ మందులు ఆ యంత్రమును మందగింపజేసి, బయటికి వచ్చు డోపమీనును తగ్గించును. కేంద్రమే మెల్లగా పలికినచో పెట్టె అఱపు తగ్గునుగదా! చలనము చాలమందికి తగ్గును; పూర్తిగా మాయమగునని చెప్పరాదు. దిగులు పుట్టించుట కూడ వీనికి కలదు కనుక వైద్యుని పర్యవేక్షణ ఆవశ్యకము. మన సర్పగంధి సారమైన రిసర్పీను తాకునది కూడ ఈ సంచుల యంత్రమునే. ఉన్మాదమునకు తొలిమందైన మూలిక చూపిన త్రోవయే, అఱువది యేండ్లకు పైగా గడచిన పిమ్మట, ఉన్మాదపు మందుల దోషమును సవరించుటకు పనికివచ్చినది.

మతికి ఏ జబ్బును లేనివారును ఈ సంగతి ఎఱుగవలెను. వాంతులకు, కడుపుబ్బరమునకు వాడు మెటోక్లోప్రమైడు, తలత్రిప్పుటకు వాడు ప్రొక్లోర్‌పెరజీను కూడ డోపమీను గ్రాహకములనే మూయును. పసివానికి వాంతులకు మందిచ్చిన రాత్రియే మెడ బిగియుట, కన్ను పైకి పోవుట ఇందులకే. మెటోక్లోప్రమైడును 12 వారములకు మించి వాడరాదని 2009లో అమెరికా ఔషధశాఖ గట్టిగా హెచ్చరించినది. ఎప్పుడో వ్రాసిన చీటీ చూపి మందులదుకాణమున నెలల తరబడి కొనుచున్న వృద్ధులు మన ఊళ్లలో కొఱత లేదు. వారి నోరు ఆడుచున్నచో వయస్సును నిందింపక ముందు ఆ చీటీని చూడుడు.

ఒక ప్రమాదమును వేఱుగా గుర్తుంచుకొనవలెను. ఈ మందులు వాడువానికి తీవ్రమైన జ్వరము, మేనంతయు కఱ్ఱవలె బిగియుట, ధారాపాతముగా చెమట, మతి తప్పుట కలిసి వచ్చినచో అది మలేరియా జ్వరమని ఊరకుండరాదు. మందు ఆపి, ఆ గంటలోనే పెద్ద ఆసుపత్రికి చేర్పవలెను. ఇది అరుదు; కాని ప్రాణాంతకము. అట్టి సందర్భమున మందు వెంటనే ఆపుటయే ధర్మము.

ఇక మిగిలినది మనుష్యధర్మము. 2017లో మన పార్లమెంటు చేసిన మానసిక ఆరోగ్యరక్షణ చట్టము ప్రకారము, తనకు ఇచ్చు చికిత్సను, దానివలన కలుగునని తెలిసిన దోషములను తెలిసికొను హక్కు రోగికి కలదు. అడుగుట అవిధేయత కాదు. చెప్పుట దయాధర్మము కాదు. దగ్గఱ వైద్యుడు లేనివారు 2022లో భారతప్రభుత్వము నెలకొల్పిన టెలిమానస్‌కు 14416 అను సంఖ్యపై ఫోను చేసి తెలుగులో సలహా పొందవచ్చును.

చట్టము చేయలేనిది ఇరుగుపొరుగువారు చేయవలసియున్నది. నోరు ఆడుచున్నవానిని చూచి నవ్విన పిల్లవానికి, అది వెక్కిరింత కాదనియు, మేను చేసిన పనికి మనిషి బాధ్యుడు కాడనియు చెప్పవచ్చును. పెండ్లి పందిటిలో అతనిని మూల కూర్చుండబెట్టక పంక్తిలో ఆకు వేయవచ్చును. ఒకప్పుడు అతని మనస్సు అతని అదుపులో లేకుండెను. ఎంతో కష్టముతో అది దారికి వచ్చినది. ఇప్పుడు నాలుకయో, వ్రేళ్లో మాత్రము మాట వినుటలేదు. కుదుటపడిన మనస్సు తన కదలికలను చూచువారి కన్నులలోని రోతను స్పష్టముగా గ్రహింపగలదు. ఆ రోతకు వెఱచి మందు మానినవాడు మఱల చీకటిలోనికే పోవును. అతడు మందు కొనసాగించుటకు వైద్యుని చీటీ యెంత అవసరమో, మన చూపులోని ఆదరమును అంతే అవసరము.